ట్యూబులో రంగు, చేతిలో రైలు టికెట్: ఇంప్రెషనిజం ఎలా పుట్టింది?

నమస్తే. స్క్రీన్ మీద ఉన్నది ఫ్రాన్స్‌లోని లె ఆవ్ర్ ఓడరేవు. 1872లో క్లాడ్ మోనే వేశాడు. పొగమంచు, రెండు మూడు పడవలు, నారింజ రంగు సూర్యుడు. అంతే. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో మోనే, ఆయన తోటి చిత్రకారులు కలిసి పెట్టిన ప్రదర్శనలో దీన్ని ఉంచితే లూయీ లెరువా అనే విమర్శకుడు 'షారివారి' పత్రికలో ఏకిపారేశాడు. తయారవడం మొదలుపెట్టిన వాల్‌పేపర్ కూడా ఇంతకన్నా పూర్తయినట్టు ఉంటుందట! బొమ్మ పేరు 'ఇంప్రెషన్, సూర్యోదయం'. ఇంప్రెషన్ అంటే మనసులో పడే ముద్ర. దాన్ని పట్టుకుని ఆ గుంపు మొత్తాన్నీ ఇంప్రెషనిస్టులని వెక్కిరించాడు. ఆ పేరే ఉండిపోయింది.

ఈ కథ అందరూ చెప్పేదే. నాకైతే దానికి ముందు జరిగిందే ఎక్కువ ఇష్టం.

ఒకప్పుడు నూనె రంగుల్ని పంది మూత్రాశయంతో చేసిన తిత్తుల్లో దాచేవాళ్లు. పొడిచి పిండుకోవాలి, ఆ కన్నం మళ్లీ సరిగ్గా మూసుకోదు, రంగు ఎండిపోతుంది. వాటిని మోసుకుని పొలాల్లోకి ఎవరెళ్తారు? వెళ్లినవాళ్లు లేకపోలేదు, కానీ పెద్ద బొమ్మ పూర్తయ్యేది స్టూడియోలోనే. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రంగు నింపుకునే తగరపు ట్యూబుకి పేటెంటు తీసుకున్నాడు. దానికి తోడు రైళ్లొచ్చాయి. పారిస్‌లో సేంట్ లజార్ స్టేషన్‌లో ఎక్కితే కాసేపట్లో అర్జాంతేయ్ అనే ఊరు, సేన్ నది ఒడ్డు.

బయటికైతే వచ్చారు, ఎండ ఆగదుగా! మబ్బు కదిలేలోపు వేసేయాలి. అందుకే ఆ కుంచె గీతలు పొట్టిగా, విడివిడిగా ఉంటాయి. నీడల్లో నలుపు బదులు నీలం, ఊదా. లెరువాకి నచ్చనిది సరిగ్గా ఇదే.

బెర్త్ మొరిజో అనే చిత్రకారిణి బొమ్మలు కూడా ఆ 1874 ప్రదర్శనలో ఉన్నాయి. ఆవిడకి విడిగా ఒక వీడియో బాకీ.

ఇక పాల్ దురాన్ రుయెల్. బొమ్మల వ్యాపారి. ఎవరూ ముట్టుకోని రోజుల్లో వీళ్ల బొమ్మలు కొని అప్పులపాలయ్యాడు. 1886లో సుమారు 300 బొమ్మలు న్యూయార్క్ పట్టుకెళ్లాకే ఆయన దశ తిరిగింది. అమెరికా మ్యూజియంలలో ఇన్ని మోనేలు ఉన్నాయంటే ఈయన చలవే చాలావరకు.

ప్రభావం అనగానే పెద్ద జాబితా చదువుతారు. నాకు ఒక్క సంఘటన చాలు. మాస్కోలో జరిగిన ఒక ఫ్రెంచి ప్రదర్శనలో వసీలీ కాండిన్‌స్కీ మోనే వేసిన గోధుమ కుప్ప చూశాడు. క్యాటలాగు చెబితే తప్ప అది కుప్పని తెలియలేదని ఆయనే రాసుకున్నాడు. ముందు చిరాకుపడ్డాడు. కానీ బొమ్మ మాత్రం బుర్రలోంచి పోలేదు. వస్తువు పోల్చుకోలేకపోయినా ఇంతలా పట్టేసిందంటే, బొమ్మకి అసలు వస్తువు అవసరమా అన్న అనుమానం ఆయనకి అక్కడే మొదలైంది. తర్వాత అబ్‌స్ట్రాక్ట్, అంటే వస్తువుల్ని పోల్చుకునేలా చూపించని, చిత్రకళకి ఆద్యుల్లో ఒకడయ్యాడు.