లండన్‌లో ఇషా ఎప్పుడు?

యాంకర్: లండన్ నుంచి ఒక చెల్లెమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: అస్సలాము అలైకుం మౌలానా సాబ్. మాది గుంటూరు, ఇక్కడ నర్సుగా చేస్తున్నా. మన దగ్గర ఎండాకాలంలో కూడా ఎనిమిదిన్నరకల్లా రాత్రి నమాజు ఇషా అయిపోయేది. ఇక్కడ జూన్‌లో పొద్దుగూకాక చదివే మగ్రిబే 9.20 దాటాక. ఇషాకి ఒక మసీదు క్యాలెండర్లో 10.25, ఇంకోదాంట్లో 10.50. రెండు కాగితాలూ ఫ్రిజ్‌కి అంటించుకుని రోజూ చూసుకుంటున్నా. ఏది సరైంది?

మౌలానా: వ అలైకుముస్సలాం తల్లీ. రెండూ సరైనవే. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందికి దిగితేగాని పూర్తిగా చీకటి పడదు. జూన్ 21న లండన్‌లో 15 డిగ్రీలే దిగుతాడు. రాత్రంతా సందె వెలుగు పోదు. అందుకని ఉలమా, అంటే మత పండితులు, లెక్కలు కట్టారు. ఒక లెక్కలో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా రాత్రిని ఏడు భాగాలు చేస్తారు. మొదటి భాగం గడిచాక ఇషా, ఆఖరి భాగం మొదలవగానే తెల్లవారుజాము నమాజు ఫజర్. మీకు ఒక్కో భాగం గంటా మూడు నిమిషాలు. ఆ 10.25 అలా వచ్చిందే. శుక్రవారం జుమ్మా నమాజుకి ఏ మసీదుకి వెళ్తారో ఆ కాగితం ఉంచుకోండి, రెండోది తీసేయండి.

కాలర్: మరి ఫజర్‌కి 3.40కే లేవాలా? ఏడింటికి డ్యూటీ.

మౌలానా: సూర్యోదయం 4.43కి. 4.15కి అలారం పెట్టుకుని నమాజు చదువుకుని, మళ్ళీ పడుకోండి. అసలు ఇబ్బంది డిసెంబర్‌లో. పొద్దు నాలుగు లోపే గూకుతుంది. మధ్యాహ్నం జొహర్, సాయంత్రం అసర్, ఆ తర్వాత మగ్రిబ్ మూడూ డ్యూటీలోనే వస్తాయి. వార్డు ఇన్‌ఛార్జితో ఇప్పుడే మాట్లాడండి. ఒక్కోదానికి పది నిమిషాలు చాలని, బ్రేకులోంచే తీసుకుంటానని చెప్పండి. అక్కడి 2010 సమానత్వ చట్టం మతానికి రక్షణ ఇస్తుంది. సరైన కారణం లేకుండా కాదనడం కుదరదు. అయితే పేషెంటును వదిలి మాత్రం రావద్దు తల్లీ.

కాలర్: ఇంకొకటి సాబ్... జుమ్మాకి మావారే వెళ్తారు. నేనెప్పుడూ మసీదు లోపలికి వెళ్ళలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు వెళ్ళరు కదా.

మౌలానా: అయ్యో! అక్కడ చాలా మసీదుల్లో ఆడవాళ్ళకి వేరే హాలు, వేరే గుమ్మం, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకి చోటు అన్నీ ఉంటాయి. సెలవు రోజు జొహర్‌కి వెళ్ళండి, రద్దీ ఉండదు. ఎవరో ఒకరు పలకరిస్తారు. మీ డ్యూటీ సంగతి వాళ్ళకీ చెప్పండి, నర్సులు అక్కడ మీరొక్కరే అయ్యుండరు.

కాలర్: ఈ ఆదివారం సెలవే సాబ్. వెళ్తాను.