మంచుకొండలకు మూట కట్టేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఆల్ప్స్ పర్వతాలకు బయలుదేరేవాళ్లు నన్ను తరచూ ఒక మాట అడుగుతుంటారు. "మేం వెళ్లేది జులైలో కదా, ఉన్ని బట్టలు అక్కర్లేదు కదా?" అని. ఏప్రిల్‌లో వెళ్లేవాళ్లూ ఇదే అడుగుతారు, సెప్టెంబరులో వెళ్లేవాళ్లూ ఇదే అడుగుతారు. నెల పేరు చెప్పి, పెట్టెలోంచి ఏవేవి తీసేయవచ్చో చెప్పమంటారు. నెల సంగతి తరవాత చూద్దాం, ఎంత ఎత్తుకు వెళ్తున్నారో ముందు చెప్పండి అంటాను నేను.

ఎందుకంటారా? ఫ్రాన్స్‌లో షమోనీ అనే ఊరు ఉంది. సముద్ర మట్టానికి 1,035 మీటర్ల ఎత్తు. అక్కడ కేబుల్ కారు ఎక్కితే, సుమారు 20 నిమిషాల్లో ఎగ్వీ దు మీదీ అనే శిఖరం మీద, దాదాపు 3,800 మీటర్ల ఎత్తున దిగుతారు. వెయ్యి మీటర్లు పైకి పోయేసరికి గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కింద 20 డిగ్రీల హాయైన ఎండ కాస్తుంటే, పైన సున్నాకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ పైన గాలి ఒకటి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీచిందంటే ఆ సున్నా మన ఒంటికి మైనస్ ఏడులా తగులుతుంది. పొద్దున కాఫీ తాగిన చోట వేసవి, 20 నిమిషాల తరవాత దిగిన చోట చలికాలం. అందుకే నెల తరవాత, ఎత్తు ముందు.

ఈ మాట నాకు బాగా నాటుకునేలా చెప్పిన మనిషి ఒకడున్నాడు. అతను చనిపోయి దాదాపు 5,300 ఏళ్లయింది. ఈ పూట మీకు అతని మూట విప్పి చూపించాలని ఉంది.

1991 సెప్టెంబరు 19న, ఆస్ట్రియా ఇటలీ సరిహద్దులో 3,210 మీటర్ల ఎత్తున, కొండల్లో నడుస్తున్న ఒక జర్మన్ దంపతుల జంటకు కరుగుతున్న మంచులో ఒక మనిషి వీపు కనిపించింది. ఈమధ్య చనిపోయిన పర్వతారోహకుడెవరో అనుకున్నారు. తీరా చూస్తే రాగి గొడ్డలి పట్టుకుని తిరిగిన కాలం మనిషి. ఓట్జి అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇటలీలోని బోల్జానో నగరంలో, మ్యూజియంలో, మైనస్ ఆరు డిగ్రీల చలి గదిలో ఉంచారు. చిన్న కిటికీలోంచి చూడాలి. అందరూ ఆ కిటికీ దగ్గర బారులు తీరతారు. నేనూ చూశాను. కానీ నన్ను కట్టిపడేసింది అతని శరీరం కాదు, పక్క గదుల్లో అద్దాల వెనక పెట్టిన అతని బట్టలూ సామానూ.

ముందు టోపీ. ఎలుగుబంటి చర్మంతో కుట్టింది, బొచ్చు బయటికి ఉంటుంది. గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద కట్టుకునేందుకు తోలు పట్టీలు. తరవాత కోటు. మేక తోలు, గొర్రె తోలు ముక్కలు, లేత రంగు ఒకటి, ముదురు రంగు ఒకటి, పక్కపక్కన పెట్టి జంతువుల నరాలతో కుట్టినది. కాళ్లకు మేక తోలు తొడుగులు. గడ్డితో అల్లిన చాప లాంటిది ఒకటి. అది భుజాల మీద కప్పుకునేదని కొందరంటారు, కింద పరుచుకునేదని కొందరంటారు. రెండింటికీ వాడి ఉంటాడని నాకనిపిస్తుంది, కొండల్లో ఒక్క పనికే పనికొచ్చే వస్తువును ఎవరు మోస్తారు?

ఇక బూట్లు. వాటి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అడుగు భాగం ఎలుగుబంటి తోలు. లోపల చెట్టు నారతో అల్లిన వల. ఆ వలకూ పైతోలుకూ మధ్య ఎండుగడ్డి కూరి ఉంది. 5,300 ఏళ్ల నాటి గడ్డిపరకలు వల కన్నుల్లోంచి ఇంకా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఆ గడ్డిలో చిక్కుకున్న గాలే అతని పాదాలకు వెచ్చదనం. ఒక చెక్ పరిశోధకుడు అచ్చం అలాంటి బూట్లే తయారు చేయించి కొండల్లో నడిపించి చూస్తే, పాదాలు బొబ్బలెక్కలేదట.

నడుముకు తోలు పటకా, దానికి ఒక తిత్తి. తిత్తిలో చెకుముకి రాతి పనిముట్లు, ఎముక దబ్బనం, నిప్పు రాజేసుకునే పుట్టగొడుగు పీచు. భూర్జపత్రంతో చేసిన రెండు డబ్బాలు. ఒకదానిలో మేపుల్ ఆకుల్లో చుట్టిన బొగ్గు తునకలు దొరికాయి. అంటే ఒక చోటి నిప్పును ఇంకో చోటికి మోసుకెళ్లేవాడు! చెకుముకి బాకుకు మొన పోతే పదును పెట్టుకునేందుకు జింక కొమ్ము ముక్క బిగించిన చిన్న పనిముట్టు. తోలు తాడుకు గుచ్చుకున్న పుట్టగొడుగు ముక్కలు రెండు, అవి మందు కోసమని చాలామంది నమ్మకం. కోటు మీద చిరిగిన చోట గడ్డి పోగులతో వేసిన అతుకులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. అతని పేగుల్లో ఒక చెట్టు పుప్పొడి దొరికింది. ఆ చెట్టు కింది లోయల్లో వసంతంలో, వేసవి మొదట్లో పూస్తుంది. ఆ పుప్పొడి ఇంకా తాజాగానే ఉంది. అంటే అతను పైకి నడిచిన రోజుల్లో కింద చెట్లు పూత మీద ఉన్నాయి. చెట్లు పూసే రోజుల్లో అతని నెత్తి మీద ఎలుగుబంటి టోపీ ఉంది! ఆ కొండల్లో పుట్టి పెరిగినవాడు, ఎండాకాలం వస్తోంది కదా అని టోపీ ఇంట్లో పెట్టి రాలేదు. అతన్ని చంపింది చలి కాదు, ఎడమ భుజంలో దిగిన బాణం.

అతని మూటలో నన్ను ఆకట్టుకున్నవి రెండు. ఒకటి, పొరలు. ఒక మందపాటి దుప్పటిలాంటి బట్ట బదులు, వేసుకోవడానికీ విప్పడానికీ వీలైన విడివిడి బట్టలు. రెండు, అవసరమైనదంతా ఒంటి మీదా వీపు మీదా ఉంది. హోటల్ గదిలో పెట్టెలో లేదు.

ఈ రెండో మాట నాకు అనుభవం మీద తెలిసింది. ఒక ఆగస్టులో ఒక కనుమ ఎక్కుతున్నాను. కింద ఎండ. ఒంటి మీద నూలు బనియను, దాని మీద నూలు చొక్కా. రెండు గంటలు ఎక్కేసరికి చెమటకు రెండూ వీపుకు అంటుకుపోయాయి. నడుస్తున్నంతసేపూ బాగానే ఉంది. కనుమ మీద ఆగి కూర్చున్నాను, మబ్బు కమ్మింది, అవతలి లోయలోంచి గాలి మొదలైంది. పది నిమిషాల్లో పళ్లు పటపటలాడాయి. నీళ్ల సీసా మూత తిప్పడానికి వేళ్లు వంగలేదు. పక్కన నడుస్తున్న ఒక పెద్దావిడ తన సంచిలోంచి ఉన్ని బనియను తీసి, "ముందు ఆ తడి బట్ట విప్పు" అని గద్దించింది. నా ఉన్ని బనియను ఆ సమయంలో కింద బసలో, పెట్టెలో, చక్కగా మడతపెట్టి ఉంది.

నీళ్లు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. నూలు బట్ట చెమట తాగి, వదలకుండా పట్టుకుంటుంది. మామూలు రోజుల్లో నూలంత సుఖమైన బట్ట లేదు, కొండ మీద మాత్రం దాన్ని ఒంటికి ఆననివ్వకండి. ఒంటికి తగిలే మొదటి పొర పలుచని ఉన్ని, లేదా తొందరగా ఆరే పాలియెస్టర్. మీద వెచ్చదనానికి ఒక స్వెటరో ఫ్లీసో. అన్నిటికన్నా పైన గాలినీ వాననూ ఆపే పలుచని జాకెట్. ఎక్కేటప్పుడు చెమట పట్టక ముందే ఒక పొర విప్పండి. ఆగినప్పుడు చలి వేయక ముందే ఒక పొర తొడగండి. చెమట పట్టక ముందే, చలి వేయక ముందే.

ఋతువును బట్టి మారేది కొంత ఉంది. చలికాలంలో మందపాటి జాకెట్, ఇంకో జత చేతి తొడుగులు చేరతాయి. వసంతంలో, జూన్‌లో కూడా ఎత్తైన కనుమల మీద మంచు మిగిలి ఉంటుంది, బూట్ల అడుగు పట్టు బలంగా ఉండాలి. వేసవిలో మధ్యాహ్నాలు ఉరుములతో వాన ముంచుకొస్తుంది, పొద్దున్నే బయలుదేరి ముందే దిగిపోవడం మేలు. శరదృతువులో పొద్దు త్వరగా గూకుతుంది, తలకు కట్టుకునే టార్చి తప్పనిసరి. టోపీ, చేతి తొడుగులు, వాన జాకెట్, ఈ మూడూ మాత్రం 12 నెలలూ సంచిలోనే.

చలి గురించే చెబుతూ ఎండను మరిచిపోతానేమో! వెయ్యి మీటర్లు ఎక్కేసరికి అతినీలలోహిత కిరణాలు పది శాతానికి పైగా పెరుగుతాయి. కొత్తగా కురిసిన మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదికే కొడుతుంది. అందుకే గడ్డం కిందా, ముక్కు కిందా కూడా కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ అక్కడా రాయండి. నల్ల కళ్లద్దాలు లేకుండా మంచు మీద అడుగు పెట్టకండి.

ఫోను లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. ఒక విజిల్ ఉంచుకోండి. ఆల్ప్స్‌లో ఆపదలో ఉన్నామని తెలపడానికి ఒక పద్ధతి ఉంది. నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరుసార్లు. అవతలి నుంచి నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే మీ పిలుపు అందినట్టు. ఫోను పనిచేస్తే 112.

నాకిచ్చిన సమయం దగ్గరపడింది. మిగిలిన రెండు నిమిషాలూ మేజోళ్ల గురించి చెబుతాను.

ఓట్జి బూట్లలో గడ్డి తడిస్తే తీసి పారేసి, ఎండుగడ్డి కూరుకోవచ్చు. మనకా వీలు లేదు, పొడిదనాన్ని మనమే మోసుకెళ్లాలి. ఒక జత ఉన్ని మేజోళ్లు, ఒక ఉన్ని బనియను తీసుకోండి. నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, లోపలి గాలి నొక్కి తీసి, మూతి గట్టిగా బిగించండి. ఆ సంచి సూట్‌కేసులో కాదు, మీ వీపు మీది బ్యాగులో ఉండాలి. బ్యాగులోనూ అడుగున కాదు, అన్నిటికన్నా పైన. వానలో బ్యాగంతా వెతికితే మిగతావన్నీ తడుస్తాయి.

కనుమ చేరగానే గాలి తగలని రాయి ఒకటి చూసుకుని కూర్చోండి. బూట్లు విప్పండి, తడిసిన మేజోళ్లు తీయండి, వేళ్ల సందుల్లో కూడా తుడుచుకోండి, పొడి జత తొడుక్కోండి. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. తడిసిన జతను బ్యాగు పట్టీకి కట్టేయండి. ఎండ ఉంటే నడుస్తుండగానే గాలికి ఆరుతుంది, వాన ఉంటే జాకెట్ లోపల పొట్టకు ఆనించుకోండి, ఒంటి వేడికి మెల్లగా ఆరుతుంది. మర్నాటి పొద్దున ఆరిన ఆ జతను మళ్లీ ఆ ప్లాస్టిక్ సంచిలోకే చేర్చి, మూతి బిగించి, బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టండి.

సెలవు. నమస్కారం.