లండన్ బస్సులో డబ్బులు తీసుకోరు: అమ్మానాన్నలకు ఏ కార్డు ఇప్పించాలి?

నమస్తే అండీ. లండన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేసుకుంటున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లను చూడటానికి ఎండాకాలంలో అమ్మానాన్నలు వస్తుంటారు. ఈ వీడియో వాళ్లిద్దరి కోసం. మే నెల దగ్గర పడిందంటే చాలు, నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "మా వాళ్లు వస్తున్నారు. బస్సులకీ ట్రైన్లకీ ఏం చేయాలి? కొన్ని పౌండ్లు మార్చి చేతిలో పెడితే సరిపోతుందా?"

సరిపోదు. లండన్ బస్సులో డ్రైవర్ నోటు తీసుకోడు, చిల్లర తీసుకోడు, డబ్బులిస్తే టికెట్ ఇవ్వడు. 2014 జూలై 6 నుంచి ఇదే పద్ధతి. అందుకని ఈ రోజు మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం: ఇండియా నుంచి తెచ్చుకునే బ్యాంకు కార్డు, ఫోన్, ఇక్కడ కొనుక్కుని, ముందే డబ్బు వేసి ఉంచుకునే ఓయిస్టర్ కార్డు. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ ఉంటున్న పిల్లలకు బ్యాంకు కార్డు చాలు. చూడటానికి వచ్చిన పెద్దవాళ్లకు మాత్రం ఓయిస్టరే ఇప్పించండి. ఇలా ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

ముందు డబ్బులు ఎందుకు తీసేశారో తెలుసుకోవాలి. లండన్ బస్సుల్ని నడిపించే సంస్థ పేరు ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్, అందరూ టీఎఫ్ఎల్ అంటారు. 2003లో వాళ్లు ఓయిస్టర్ కార్డు తెచ్చారు. 2012 డిసెంబర్‌లో బస్సుల్లో మామూలు బ్యాంకు కార్డు తాకించినా చాలన్నారు. డబ్బులిచ్చి ఎక్కేవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. 2014 నాటికి వందలో ఒకరు కూడా లేరు. ఆ కొద్దిమంది కోసం డబ్బు లెక్కపెట్టడం, మోయడం, భద్రపరచడం, ఇవన్నీ మానేస్తే ఏడాదికి 2.4 కోట్ల పౌండ్లు మిగులుతాయని టీఎఫ్ఎల్ లెక్క చెప్పింది. అప్పట్లో డబ్బులిచ్చి ఎక్కితే 2.40 పౌండ్లు, ఓయిస్టర్ తాకిస్తే 1.45. అంటే ధరతోనే జనాన్ని కార్డు వైపు మళ్లించి, ఆ తర్వాత తలుపు మూసేశారు.

సంస్థ వైపు నుంచి చూస్తే ఇది మంచి నిర్ణయమే. బస్సు స్టాపులో ఆగే సమయం తగ్గింది. డ్రైవర్ పక్కన డబ్బుల పెట్టె లేదు. కానీ ఈ ఏర్పాటంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ప్రతి మనిషి దగ్గరా, తన పేరు మీద, పనిచేసే కార్డు ఒకటి ఉంటుందన్న నమ్మకం. మన ఇళ్లలో అది నిజం కాదు. నాన్నగారికి ఒక డెబిట్ కార్డు ఉంటుంది, అమ్మకు ఉండదు. ఉన్నా, దాని పిన్ను నాన్నగారికే తెలుసు. ఊళ్లో బస్సెక్కితే కండక్టర్‌కు చిల్లర ఇచ్చే అలవాటు, ఈ మధ్య ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆధార్ చూపించే అలవాటు. అలాంటి మనిషి లండన్‌లో ఒంటరిగా బస్సెక్కాలంటే ఏం కావాలి? ఈ రివ్యూలో నేను చూసేది అదే.

సరే, మొదటిది ఇండియా బ్యాంకు కార్డు. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అయితే ఫర్వాలేదు. కార్డు మీద, వైఫై గుర్తును పక్కకు తిప్పినట్టు, వంపు గీతలు నాలుగు ఉండాలి, ఇదిగో ఇలా. రూపే కార్డు మాత్రం టీఎఫ్ఎల్ తీసుకునే వాటి జాబితాలో లేదు. ఊళ్లో చాలామంది దగ్గర ఉన్నది అదే కాబట్టి బయల్దేరే ముందే చూసుకోండి.

ఇంకో సంగతి. మన దేశంలో రిజర్వ్ బ్యాంకు 2020లో ఒక నియమం తెచ్చింది. కొత్త కార్డు ఇచ్చినప్పుడు అది దేశం లోపల ఏటీఎంలలో, దుకాణాల్లో మాత్రమే పనిచేస్తుంది. విదేశాల్లో వాడకం, తాకించి చెల్లించడం, ఈ రెండూ మనమే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. భద్రతకు మంచి నియమమే. కానీ హీత్రో స్టేషన్‌లో, వెనకాల లైను ఉండగా, గేటు ఎర్రగా మెరిసినప్పుడు ఈ సంగతి తెలియడం చాలా టెన్షన్. విమానం ఎక్కక ముందే ఆ రెండూ ఆన్ చేయించండి. ఇక్కడికి వచ్చాక చేద్దామంటే, ఇండియా నంబరుకు ఓటీపీ వస్తుందో రాదో అన్నది ఇంకో తలనొప్పి.

ఖర్చు సంగతి. ఇండియా కార్డుతో పౌండ్లలో చెల్లిస్తే బ్యాంకు మారకం మీద అదనంగా కొంత శాతం వేస్తుంది, దాని మీద జీఎస్టీ. పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డైతే ఈ బాదుడు ఉండదు. నాలుగు రోజులు వచ్చి వెళ్లేవాళ్లకు పెద్ద తేడా పడదు గానీ, మూడు నెలలుండే తల్లిదండ్రులకు ఆలోచించాల్సిన విషయమే.

ఇప్పుడు అసలైన చిక్కు. ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లాలి. నాన్నగారు తాకించి లోపలికి వెళ్లి, అదే కార్డు అమ్మకు అందిస్తే కుదరదు. మనిషికొక కార్డు ఉండాల్సిందే. దీనికి ఒక దారి ఉంది. ఫోన్‌లో పెట్టుకున్న కార్డునూ, చేతిలోని అదే ప్లాస్టిక్ కార్డునూ ఈ మెషీన్లు రెండు వేర్వేరు కార్డులుగా చూస్తాయి. కాబట్టి అబ్బాయి ఫోన్ తాకించి, తన కార్డు అమ్మకు ఇవ్వొచ్చు. ఒక్క పూటకు బాగానే ఉంటుంది. కానీ జీతం పడే ఖాతా కార్డును రోజూ అమ్మ పర్సులో పెట్టి పంపిస్తే, అది పోతే ఎలా అని ఆవిడ గుండెల్లో రాయి పెట్టుకుని తిరుగుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు.

ఇంకో మాట. ఇదే కారణం వల్ల, మీరు ఒంటరిగా రైల్లో వెళ్తున్నా ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు కార్డు తాకించారంటే అవి రెండు సగం సగం ప్రయాణాలైపోతాయి. రెండింటికీ ఎక్కువ డబ్బు పడుతుంది. దేనితో లోపలికి వెళ్లారో దానితోనే బయటికి రండి.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. ఇక్కడి బ్యాంకు ఖాతా ఉన్న విద్యార్థికి ఫోన్ చాలా బావుంటుంది. కానీ మనవాళ్లు ఊళ్లో ఫోన్‌తో చెల్లించడం అంటే క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐ పిన్ను కొట్టడం. లండన్ బస్సులో స్కాన్ చేయడానికి క్యూఆర్ ఏదీ ఉండదు, ఆ పసుపు రంగు రీడర్ యూపీఐ తీసుకోదు. "నా ఫోన్‌లో అన్నీ ఉన్నాయిలే" అనే ధైర్యంతో విమానం ఎక్కకండి.

ఇక ఓయిస్టర్. ఇదిగో, ఈ నీలం రంగు కార్డు. దీనికి బ్యాంకు ఖాతా అక్కర్లేదు. పేరు అక్కర్లేదు, పిన్ను లేదు, ఓటీపీ లేదు. డబ్బులు వేసుకోవడం, తాకించడం, అంతే. పెద్దవాళ్లకు ఇదే ఇప్పించండి అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం వేరే ఉంది: ఈ కార్డులోకి ఇప్పటికీ నోట్లు ఇచ్చి డబ్బు వేసుకోవచ్చు. స్టేషన్లలో నోట్లు తీసుకునే మెషీన్లు ఉన్నాయి, కొన్ని మాత్రం కార్డే అడుగుతాయి. అంతకంటే హాయి, వీధి చివర చిన్న దుకాణాలు. పాలు, పేపరు అమ్మే కొట్టు, గుమ్మం మీద ఓయిస్టర్ గుర్తు ఉంటుంది. అమ్మ పది పౌండ్ల నోటు ఇచ్చి "టాప్ అప్" అంటే చాలు. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ మీద నడిచినవాళ్లకు తెలుసు, ఆ కొట్ల వెనకున్న మనుషులు చాలావరకు మన వైపు వాళ్లే. బస్సులోంచి డబ్బును తీసేశారు గానీ, ఈ కొట్ల దగ్గర దానికి ఇంకా చోటుంది. ఆ చోటు పోకూడదని గట్టిగా కోరుకుంటాను.

బ్యాలెన్స్ అయిపోతే? 2014లో డబ్బులు తీసేసినప్పుడే దీనికొక చిన్న సాయం పెట్టారు. కార్డులో టికెట్‌కు సరిపడా లేకపోయినా, కొంచెమైనా ఉంటే ఒక్క బస్సు ప్రయాణం చేయనిస్తారు. తర్వాత డబ్బు వేసుకున్నప్పుడు అది సర్దుకుంటుంది. నిస్సహాయంగా ఉన్నవాళ్లను రాత్రిపూట రోడ్డు మీద వదిలేసి వెళ్లొద్దని డ్రైవర్లకు కూడా సూచనలున్నాయి. ఇలాంటి జాగ్రత్తలు తీసుకున్నందుకు టీఎఫ్ఎల్‌ను మెచ్చుకోవాలి.

మెచ్చుకోలేనిది కార్డు ధర. 2022 వరకు 5 పౌండ్లుండేది, 7 చేశారు, 2025 సెప్టెంబర్‌లో 10 చేశారు. ఇది వెనక్కి రాని డబ్బు. బ్యాంకు కార్డు ఉన్నవాడు టికెట్ తప్ప ఇంకేమీ కట్టకుండా ఎక్కుతాడు, లేనివాడు ఎక్కే హక్కు కోసమే పది పౌండ్లు కట్టాలి. డబ్బులు చెల్లవు అని చెప్పిన తర్వాత, డబ్బు మాత్రమే ఉన్నవాళ్లకు మిగిలిన ముఖ్యమైన దారి మీద ధర పెంచడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. దీన్ని తగ్గించాలి.

ఛార్జీల విషయంలో బ్యాంకు కార్డుకూ ఓయిస్టర్‌కూ పెద్దవాళ్ల టికెట్లో తేడా లేదు. బస్సు టికెట్ 2023 మార్చిలో 1.75 పౌండ్లు అయింది. ఇప్పుడెంతో టీఎఫ్ఎల్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. దూరం ఎంతైనా బస్సులో ఒకటే ధర. మొదటిసారి తాకించినప్పటి నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు పడదు, దీన్ని హాపర్ అంటారు. ఇంటి నుంచి మురుగన్ గుడికి వెళ్లి, త్వరగా దండం పెట్టుకుని, గంట దాటకముందే తిరుగు బస్సులో కార్డు తాకిస్తే రెండిటికీ ఒకటే టికెట్. రోజుకు గరిష్ఠ పరిమితి కూడా ఉంది, ఆ 1.75 లెక్కన బస్సులకు 5.25. అది దాటితే ఆ రోజంతా బస్సులు ఉచితం.

అమ్మకు నేర్పించాల్సింది ఒకటే. బస్సులో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, దిగేటప్పుడు వద్దు. ట్యూబ్ రైలుకు మాత్రం లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు రెండుసార్లూ తాకించాలి. డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైలు స్టేషన్లు చాలావాటికి గేట్లే ఉండవు. గేటు లేదు కదా అని నేరుగా నడిచి వచ్చేస్తే ఎక్కువ ఛార్జీ పడుతుంది. అసలు తాకించకుండా తనిఖీలో దొరికితే జరిమానా 100 పౌండ్లు, 21 రోజుల్లో కడితే 50.

వయసు రాయితీ ఉందా అని అడుగుతారు. అరవై దాటినవాళ్ల కార్డు లండన్‌లో నివసించేవాళ్లకే, చూడటానికి వచ్చినవాళ్లకు లేదు. పిల్లలకు మాత్రం ఉంది. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలు సెలవులకు వస్తే, ఓయిస్టర్ కార్డు పట్టుకుని ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బందిని అడగండి, 14 రోజుల వరకు సగం ధరకే వెళ్లేలా పెట్టి ఇస్తారు. బ్యాంకు కార్డుకు ఈ రాయితీ పెట్టడం కుదరదు.

ఓయిస్టర్‌కు లోటు కూడా ఉంది. లూటన్ విమానాశ్రయం స్టేషన్‌లో బ్యాంకు కార్డు తాకించి వెళ్లొచ్చు, ఓయిస్టర్ చెల్లదు. హీత్రో, గాట్విక్‌లలో రెండూ చెల్లుతాయి.

సింగపూర్ వెళ్లే మనవాళ్లు కూడా ఈ ఛానల్ చూస్తారు కాబట్టి అక్కడి సంగతి ఒకటి చెప్పాలి. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం పాత ఈజీ-లింక్ కార్డులను జూన్ నుంచి ఆపేసి, అందరినీ సింప్లీగో అనే కొత్త పద్ధతికి మారమంది. కొత్త పద్ధతిలో గేటు దగ్గర బ్యాలెన్స్ కనిపించదు, యాప్‌లో చూసుకోవాలి. జనం ఒప్పుకోలేదు. ఎంత కట్ అయింది, ఎంత మిగిలింది, అది కళ్ల ముందు కనిపించాలన్నారు. రెండు వారాలు తిరక్కుండానే ప్రభుత్వం వెనక్కి తగ్గింది, పాత కార్డులు కొనసాగించడానికి మరో 4 కోట్ల సింగపూర్ డాలర్లు పెడతామంది. నాకు ఆ జనం చేసింది చాలా నచ్చింది. చేతిలో నోటు ఉన్నప్పుడు ఎంత ఖర్చయిందో మనకు తెలుస్తుంది. నోటు పోయినా ఆ తెలిసే హక్కు పోకూడదు. అన్నట్టు, సింగపూర్‌లో విదేశీ వీసా, మాస్టర్‌కార్డ్ తాకిస్తే వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్లు అదనంగా వేస్తారు. వారం పది రోజులుండేవాళ్లు అక్కడి కార్డే కొనుక్కోవడం మేలు.

న్యూయార్క్‌లో 2025 చివరితో మెట్రోకార్డ్ అమ్మడం ఆపేశారు. ఇప్పుడంతా ఆమ్నీ అనే తాకించి చెల్లించే పద్ధతి. బ్యాంకు కార్డు తాకించొచ్చు, లేదా ఆమ్నీ కార్డు కొని అందులో నోట్లతోనే డబ్బు వేసుకోవచ్చు. న్యూజెర్సీ బంధువుల ఇంట్లో దిగి న్యూయార్క్‌లో తిరిగే పెద్దవాళ్లకు అక్కడా నా సలహా ఇదే, డబ్బు వేసుకునే కార్డు.

మళ్లీ లండన్‌కి వస్తే, చివరగా ఒక ఉపయోగపడే మాట. తిరిగి వెళ్లేటప్పుడు ఓయిస్టర్‌లో 10 పౌండ్లలోపు మిగిలితే ట్యూబ్ స్టేషన్ మెషీన్‌లోనే వెనక్కి తీసుకోవచ్చు. కానీ తీసుకోకండి. అలా తీసుకుంటే ఆ కార్డు రద్దవుతుంది, దాని కోసం కట్టిన డబ్బు పోయినట్టే. కార్డులో ఉన్న డబ్బుకు గడువు లేదు. రాయితీ ఏదీ పెట్టించని మామూలు ఓయిస్టర్ ఎవరైనా వాడొచ్చు, ఒకేసారి ఇద్దరు వాడకూడదు అంతే. అమ్మానాన్నల కార్డులు రెండూ డ్రాయర్‌లో పెట్టుకోండి, వచ్చే ఏడాది అత్తమామలు వచ్చినప్పుడు ఇవ్వొచ్చు.