బట్టమేక పిట్టకి తీగ ఎందుకు కనపడదు

అందరికీ నమస్కారం. కరెంటు తీగల వల్ల పక్షులు చచ్చిపోతున్నాయనే టాపిక్ ఎత్తితే జనం మొదట అడిగేది ఒకటే, కరెంటు తీగల మీద పిచ్చుకలూ కాకులూ రోజూ కూర్చుంటాయి కదండీ వాటికేం కావట్లేదు కదా అని. పిచ్చుక పట్టుకునేది ఒక్క తీగనే, అందుకే షాక్ కొట్టదు. అదే ఒక పెద్ద గద్ద 11 కేవీ స్తంభం మీద వాలి రెక్కలు విప్పిందనుకోండి, ఒక రెక్క ఈ తీగకి, ఇంకోటి పక్క తీగకో ఇనుప అడ్డ కమ్మీకో తగిలిందా, అక్కడికక్కడే ప్రాణం పోతుంది. చెట్టూ పుట్టా లేని మైదానంలో వాలడానికి ఎత్తైన చోటు ఆ స్తంభమే మరి. స్తంభం దగ్గర తీగలకి ఇన్సులేషన్ తొడుగులు వేస్తే ఇది చాలావరకు ఆగుతుంది.

నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది మాత్రం తీగల్ని గుద్దుకుని చచ్చిపోయే పక్షుల గురించి, అందులోనూ బట్టమేక పిట్ట (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) గురించి. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టింది దీనికోసమే. ఇప్పుడు దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా బతికేవి 150 లోపే మిగిలాయి, అవి కూడా ఎక్కువగా రాజస్థాన్‌లో జైసల్మేర్ చుట్టుపక్కల థార్ ఎడారిలోనే.

ఇది స్తంభాల మీద వాలదు, కాలికి వెనక వేలే లేదు, కొమ్మ పట్టుకోలేదు, బతుకంతా నేల మీదే. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది, రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది. అంత బరువుతో ఎగురుతూ ఠక్కున పక్కకి తిరగడం దానివల్ల కాదు. పైగా దీని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, పక్కలకి బాగా కనిపిస్తుంది గానీ ఎదురుగా కనిపించేది చాలా తక్కువ. ఆఫ్రికాలో దీనికి దగ్గరి చుట్టమైన కోరి బస్టర్డ్ చూపుని కొలిచి చూస్తే తేలింది ఏంటంటే, ఎగురుతూ కింద నేల చూడటానికి తల కాస్త వంచితే చాలు, ముందు ఏముందో దానికి అసలు కనపడదు. ఇక పెద్ద టవర్ లైన్లలో అన్నిటికంటే పైన పిడుగుల కోసం కట్టే ఎర్త్ వైరు మిగతావాటికంటే సన్నగా ఉంటుంది, కింద లావు తీగల్ని ఆఖరి నిమిషంలో చూసి పైకి లేచిన పక్షి కూడా వెళ్ళి దాన్నే కొట్టుకుంటుంది.

వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ళ అంచనా ప్రకారం థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల మేరలో ఏటా 84,000 పక్షులు ఈ తీగల వల్ల చనిపోతున్నాయి, అన్ని జాతులూ కలిపి. బట్టమేక పిట్ట సాధారణంగా ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు, అదీ నేల మీద, కుక్కలూ నక్కలూ వదిలితే పిల్ల బతకాలి. ఇలాంటి జాతిలో పెద్ద పిట్ట ఒక్కటి పోయినా పూడ్చుకోలేని లోటు.

తీగలకి మెరిసే బిళ్ళలు తగిలిస్తే సరిపోదా అంటారు. కొన్ని పక్షులకి సరిపోతుంది, దక్షిణాఫ్రికాలో బిళ్ళలు పెట్టాక నీలి కొంగల చావులు బాగా తగ్గాయి, కానీ అదే లైన్ల మీద బస్టర్డ్‌లకి ఏమీ ఫలితం లేదు. ముందుకి చూడని పక్షికి బిళ్ళ ఎంత మెరిస్తే ఏం లాభం చెప్పండి! అందుకే వీటి తావుల్లో లైన్ భూమిలో వేయాలి, లేదంటే చుట్టూ తిప్పి తీసుకెళ్ళాలి అని నేను గట్టిగా అంటాను. 2021లో సుప్రీంకోర్టు కూడా భూమిలో వేయమనే చెప్పింది, తర్వాత అంత పెద్ద ప్రాంతంలో, అంత హై వోల్టేజ్‌లో కుదరదని ప్రభుత్వం అంటే 2024లో ఆ ఆర్డర్ సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఈ లైన్లు మోసుకెళ్ళే సోలార్ కరెంటు మనకి కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ప్లాంటు ఎక్కడ పెట్టాలి, లైన్ ఎటు లాగాలి అనేది కాగితం మీద ఉన్నప్పుడే పిట్టల గురించి కూడా అడగాలి, టవర్లు లేచాక అడిగితే కష్టం.

మీ పొలాల దగ్గర తీగల కింద చచ్చిన పెద్ద పక్షి కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీసి, స్తంభం మీద నంబరుంటే అదీ రాసుకుని అటవీ శాఖ వాళ్ళకి పంపండి. తెల్లారేసరికి కుక్కలు లాక్కెళ్ళిపోతాయి, ఇక ఆ చావు ఏ లెక్కలోకీ రాదు, ఆ స్తంభానికి తొడుగు వేయమని అడగడానికి మన చేతిలో ఆధారమూ ఉండదు.