ట్విన్ 1, ట్విన్ 2: ఎన్‌ఐసీయూలో 38 రోజులు

హోస్ట్: నమస్తే. ఈరోజు మనతో ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అన్న ఉన్నారు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, కవలలు, 31 వారాలకే పుట్టేశారు. పేర్లు వద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. అన్నా, పిల్లల్ని ముందు చూసింది మీరా, వదినా?

అతిథి: నేనే. సిజేరియన్ అయ్యాక మీ వదినను వార్డుకు మార్చారు, పిల్లల్ని నేరుగా ఎన్‌ఐసీయూకి, అంటే పసిపిల్లల ఐసీయూకి, తీసుకెళ్లారు. మోచేతుల దాకా చేతులు కడిగించి, గౌను తొడిగించి నన్ను లోపలికి పంపారు. అటొక వార్మర్, ఇటొక వార్మర్, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే పడకలు. ఒకదాని మీద ‘ట్విన్ 1, 1,480 గ్రాములు’, ఇంకోదాని మీద ‘ట్విన్ 2, 1,210’. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను. ‘ఎటో ఒకటు వెళ్లండి సార్, దారికి అడ్డంగా ఉన్నారు’ అంది సిస్టర్.

హోస్ట్: (నవ్వు) ఎటు వెళ్లారు మరి?

అతిథి: చిన్నదాని దగ్గరికి. ఆ తర్వాత కూడా రోజూ అంతే. పెద్దది బాగానే ఉందిలే అనుకునేవాణ్ని. అదీ కిలోన్నర లేదు, చూడు!

హోస్ట్: బయట బంధువులు ఏమన్నారు?

అతిథి: మా మేనత్త ‘ఎనిమిదో నెల పిల్లలు నిలవరంటారు, ఏడో నెలలో పుట్టినా బాగుండేది’ అంది. ప్రేమతోనే అంది పాపం. కానీ ఆ మాట చెవిలోంచి పోదు. సిగ్గు విడిచి డాక్టరమ్మనే అడిగేశాను. ఆవిడ నవ్వలేదు. ‘కడుపులో ఉన్న ప్రతి వారమూ లాభమే, ఏడో నెల కంటే ఎనిమిదో నెలే నయం’ అంది. కాన్పుకు ముందు తల్లికిచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పిల్లల ఊపిరితిత్తుల కోసమేనని కూడా అప్పుడే తెలిసింది. అయినా చిన్నదానికి ఐదు రోజులు సీప్యాప్, అంటే ముక్కులోకి గాలి ఒత్తిడితో పంపి ఊపిరికి సాయం చేసే యంత్రం, తప్పలేదు.

హోస్ట్: ఆ మానిటర్ల మోత విన్నవాళ్లు మర్చిపోలేరంటారు.

అతిథి: మొదటి వారం పిల్ల మొహమే చూడలేదు నేను, ఆక్సిజన్ అంకె చూశానంతే. ఓ రాత్రి అది మోగితే కేక పెట్టాను. సిస్టర్ వచ్చి, పాప కాలికి చుట్టిన ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ సరిచేసి వెళ్లిపోయింది. ‘మానిటర్‌ని కాదు, పాపను చూడండి. రంగు ఎలా ఉంది, పొట్ట కదులుతోందా’ అంది. నిజంగా ఊపిరి ఆపేసిన సార్లూ ఉన్నాయి. ఇంత ముందుగా పుట్టినవాళ్లకు మెదడులో ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోదట. అరికాలు మీద చిన్నగా రుద్దితే మళ్లీ తీసుకునేది. దానికిచ్చిన మందేంటో తెలుసా? కెఫీన్! కింద క్యాంటీన్‌లో నేను అదే, పైన నా కూతురూ అదే.

హోస్ట్: పాల సంగతి?

అతిథి: మీ వదినకు మొదటి రోజు వచ్చినవి చుక్కలే. ఆ ముర్రుపాలనే రెండు సిరంజిల్లో పట్టి, రెండు చీటీలు అంటించాం. రెండు గంటలకోసారి 2 మిల్లీలీటర్లు, గొట్టంతో. ఇద్దరికీ చాలని రోజుల్లో తల్లిపాల బ్యాంకు నుంచి తెప్పించారు. అలాంటిది ఉంటుందనే నాకు తెలియదు, ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989 నుంచే ఉందట. తర్వాత ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలైంది. మా అమ్మ నా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. లోపల వాళ్ల స్టీలుదే వాడతామన్నారు. రెండు రోజులు అలిగింది.

హోస్ట్: కంగారూ కేర్ మీరూ చేశారని విన్నాను. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలుపెట్టిన పద్ధతి కదా అది.

అతిథి: అవును. బిడ్డను ఉత్త డైపరుతో మన ఛాతీకి ఆనించుకుని పడుకోవడమే. చొక్కా విప్పమంటే మొహమాటపడ్డాను, అందరూ ఆడవాళ్లే అక్కడ. కానీ తల్లి ఒక్కతే, పిల్లలు ఇద్దరు. పక్కపక్క కుర్చీల్లో ఆమె దగ్గరొకరు, నా దగ్గరొకరు. రోజు మార్చి రోజు ఇటువాళ్లు అటు. ఆ వంతులు పెట్టాకే పెద్దది నాకు సరిగ్గా పరిచయమైంది. నిద్రలో మూలుగుతుంది, ముసలాళ్లలా.

హోస్ట్: ఇద్దరినీ ఒకేసారి పంపారా?

అతిథి: లేదు, అసలు కష్టం అదే. 24వ రోజున ‘పెద్దదాన్ని తీసుకెళ్లొచ్చు’ అన్నారు. సంతోషించాలి కదా? మీ వదిన బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. ఇంటికెళ్లిన పిల్లను మళ్లీ లోపలికి రానివ్వరు, ఇన్ఫెక్షన్ భయం. పెద్దది ఉప్పల్‌లో మా బావమరిది ఇంట్లో, చిన్నది ఆసుపత్రిలో. మీ వదిన ఉప్పల్‌లో పాలు పిండి ఐస్ డబ్బాలో పెడితే, నేను బండి మీద ఆసుపత్రికి తెచ్చేవాణ్ని. రోజంతా చిన్నది నా ఛాతీ మీదే. రాత్రి ఇంటికెళ్తే పెద్దది నిద్రపోతూ ఉండేది. ‘చిన్నదాన్ని చూడకుండా ఇన్ని రోజులు ఎలా ఉంటాను’ అని మీ వదిన అడిగితే, ఫోన్‌లో దాని వీడియో చూపించేవాణ్ని. ఆ వీడియో చూస్తూనే పంపు పెట్టుకునేది, పాలు కొంచెం బాగా వచ్చేవి.

హోస్ట్: 38వ రోజున చిన్నదీ వచ్చేసింది.

అతిథి: వచ్చింది. ఇంట్లో మానిటర్ లేదుగా, ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టలేదు. వంతులేసుకుని పొట్టలు చూస్తూ కూర్చున్నాం. అన్నట్టు, తల్లిదండ్రులు వింటుంటే ఒక్కమాట. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు రెటీనా, అంటే కంటి వెనక పొర, పరీక్ష ఉంటుంది, ఆర్‌ఓపీ అనే కంటి జబ్బు ఉందేమో చూడటానికి. మన దగ్గర 34 వారాల్లోపు పుట్టినా, 2 కిలోల్లోపు ఉన్నా చేయించాలి, పుట్టిన నెలలోపే. డిశ్చార్జి హడావిడిలో మేం ఆ తేదీ దాదాపు మర్చిపోయాం.

హోస్ట్: ఇప్పుడు పిల్లల వయసెంత అన్నా?

అతిథి: ఎవరడుగుతున్నారో చూసి చెప్తా. టీకాలకైతే తొమ్మిది నెలలు. డాక్టరమ్మ బోర్లా పడటం, కూర్చోవడం లెక్కేసేటప్పుడు, అసలు పుట్టాల్సిన తేదీ నుంచి చూస్తుంది కాబట్టి, ఏడు నెలలు. పక్కింటావిడ ‘ఇంకా కూర్చోలేదా’ అంటే కూడా ఏడే!