జయపురం కొండబల్లి

శ్రోతలకు నమస్కారం.

1877లో రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ తూర్పు కనుమల్లో దొరికిన ఓ చిన్న బల్లిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మద్రాసు అటవీశాఖలో అధికారి ఆయన. కొండలన్నీ తిరుగుతూ మొక్కల్నీ పాముల్నీ బల్లుల్నీ సేకరించేవాడు. ఈ రకం మాత్రం ఒక్కటంటే ఒక్కటే దొరికింది, మగబల్లి. ఎక్కడ దొరికిందో రాసిపెట్టాడు: ఇప్పటి ఒడిశాలో ఉన్న జయపురం ప్రాంతంలోని పటింఘే కొండ, 4,200 అడుగుల ఎత్తు. కొండ పేరు, ఎత్తు. ఈ రెంటినీ కాస్త గుర్తుంచుకోండి.

దానికి జిమ్నోడాక్టైలస్ జేపోరెన్సిస్ అని పేరు పెట్టాడు. మొదటిది ప్రజాతి పేరు, మన ఇంటిపేరు లాంటిది. రెండోది జాతి పేరు, జయపురాన్ని బట్టి వచ్చింది.

తర్వాత ఆ ఇంటిపేరు నిలవలేదు. జిమ్నోడాక్టైలస్ అన్నది ఇప్పుడు దక్షిణ అమెరికా బల్లులకే చెల్లుతోంది. మన బల్లి సంగతి వేరు. గోడలెక్కే బల్లులకుండే వెడల్పాటి మెత్తలు దీని వేళ్లకు లేవు. రాత్రిపూట అడవి నేల మీద తిరుగుతుంది. ఇలాంటి నేలబల్లులు దక్షిణ భారతంలో, శ్రీలంకలో మరికొన్ని ఉన్నాయి. వాటి గుంపును గెకోయెల్లా అంటారు. అది విడి ప్రజాతి అని కొందరు, కాదని కొందరు. డీఎన్ఏ పోల్చి చూశాక సిర్టోడాక్టైలస్ అనే పెద్ద ప్రజాతిలో ఉపప్రజాతిగా చేర్చారు. ఇన్ని మారినా జేపోరెన్సిస్ మాత్రం కదల్లేదు. నామకరణ నియమం అలాంటిది. జాతి పేరు మూల నమూనాను, అంటే మొదట వర్ణించిన ఆ ఒక్క బల్లిని, అంటిపెట్టుకుని ఉంటుంది.

పేరు నిలిచింది సరే, బల్లి ఏది? 130 ఏళ్లకు పైగా దాని జాడే లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. చివరికి బల్లుల పరిశోధకుడు ఇషాన్ అగర్వాల్, ఆయన సహచరులు అదే కొండల వరుసలో, ఒడిశా వైపూ మన ఆంధ్ర వైపూ ఎత్తయిన తేమ అడవుల్లో దాన్ని మళ్లీ చూశారు. 2012లో ఆ వివరాలు ప్రచురించారు. పాత వర్ణనలో కొండ పేరు, ఎత్తు లేకపోతే ఏ అడవిలో వెతికేవాళ్లు?

ఆ కొండల్లోనే బాక్సైట్ కూడా ఉంది. తవ్వకాల లెక్కలు వేసేవాళ్లు ఈ వేలెడంత ప్రాణినీ లెక్కలోకి తీసుకోవాలని నా కోరిక.

మీరు కొండలకు వెళ్లినప్పుడు కొత్త బల్లి ఏదైనా కనిపిస్తే పట్టుకోకండి, ఫొటో తీయండి. అరకులో చూశాను అంటే చాలదు. ఏ కొండ, ఎంత ఎత్తు, ఏ తేదీ, పగలా రాత్రా, నేల మీదా రాతి మీదా, అన్నీ అక్కడికక్కడే రాసుకోండి.