పడవ అడుగున పూసిన రంగు

అందరికీ నమస్కారం.

విశాఖలో మాట్లాడుతున్నాను కాబట్టి పడవ అడుగు నుంచే మొదలుపెడతాను. సముద్రంలో తిరిగే పడవ ఏదైనా సరే, నీళ్లలో మునిగి ఉండే భాగానికి నాచు పడుతుంది, గుల్లలు అతుక్కుంటాయి. వేగం తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. వేటకు వెళ్లే వాళ్లకు ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. దీనికి విరుగుడుగా 1960ల నుంచి ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు రసాయనం కలిపిన రంగు వచ్చింది. టీబీటీ అందాం. చాలా బాగా పనిచేసింది. కానీ ఆ విషం పడవ దగ్గరే ఆగలేదు, కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగింది.

ఫ్రాన్స్ పడమటి తీరంలో ఆర్కషాన్ అనే అఖాతం ఉంది. అక్కడ ఎన్నో కుటుంబాలకు ఆల్చిప్పల పెంపకమే బతుకుతెరువు. 1970ల రెండో సగంలో అక్కడ కొత్త ఆల్చిప్ప పిల్లలు పట్టడం, అంటే అతుక్కుని పెరగడం, దాదాపు ఆగిపోయింది. పెద్దవాటి చిప్పలేమో మందంగా, పొరలు పొరలుగా, మధ్యలో జిగురు నిండిన గదులతో పెరిగాయి. చూడటానికి బంతిలా ఉంటుంది, తెరిస్తే లోపల కండ ఉండదు. 10 వేల టన్నులకు పైగా వచ్చే దిగుబడి 1981 నాటికి 3 వేల టన్నులకు పడిపోయింది. ఆ అఖాతం నిండా ఈ రంగు వేసిన షికారు పడవలే. 1982లో ఫ్రాన్స్ ప్రభుత్వం 25 మీటర్ల లోపు పడవలకు ఈ రంగును నిషేధించింది. ఆ ఏడాదే పిల్లలు మళ్లీ పట్టడం మొదలైంది. ఇంత స్పష్టమైన జవాబు పరిశోధనలో అరుదుగా దొరుకుతుంది.

ఇంగ్లండ్ కథ ఇంకా బాధాకరం. 1970లో ప్లిమత్ తీరంలో స్టీఫెన్ బ్లేబర్ అనే పరిశోధకుడు ఆడ నత్తల్లో మగ అవయవం లాంటిది పెరగడం చూశాడు. కారణం అప్పటికి తెలియదు. 1986లో బ్రయన్, గిబ్స్ బృందం ఆ నేరం టీబీటీదేనని చూపించింది. లోపల పెరిగిన ఆ మగ నాళం గుడ్లు బయటికొచ్చే దారిని మూసేస్తుంది. గుడ్లు లోపలే పేరుకుని తల్లి చచ్చిపోతుంది. ఇదంతా లీటరు నీటిలో ఒక నానోగ్రాము దగ్గరే మొదలవుతుంది. అంటే వంద కోట్ల లీటర్ల నీటికి ఒక్క గ్రాము! ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి. చాలా గుల్లల పిల్లలు నీళ్లలో తేలుతూ దూరతీరాలకు పోతాయి. ఈ నత్త అలా కాదు. రాతికి అంటించిన గుడ్ల సంచిలోంచి బుల్లి నత్తగానే బయటికొచ్చి, ఆ చుట్టుపక్కలే పాకుతుంది. అందుకే ఒక తీరంలో నశిస్తే, మళ్లీ అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది.

పెద్ద ఓడలకు కూడా వర్తించే అంతర్జాతీయ నిషేధ ఒప్పందం 2001లో కుదిరినా, అమల్లోకి వచ్చింది 2008లో. నీళ్లలో టీబీటీ కొన్ని రోజుల్లో, వారాల్లో విరిగిపోతుంది. గాలి ఆడని అడుగు బురదలో మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. ఓడల దారి లోతు చేయడానికి ఆ బురదను తవ్వితే, పాత విషం మళ్లీ పైకి లేస్తుంది.

ఇది మనకు దూరపు కథ కాదు. గోవా తీరంలో కూడా ఆడ నత్తల్లో మగ అవయవం పెరిగే ఈ మార్పును మన శాస్త్రవేత్తలే నమోదు చేశారు. అందుకే ఇక్కడున్న జువాలజీ విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. పోర్టు దగ్గరి రాళ్ల మీద ఒక చోట, పోర్టుకు దూరంగా ఇంకో చోట ఒకే జాతి నత్తలను ఏటా లెక్కపెట్టండి. ఆడవాటిలో ఈ మార్పు ఎన్నింటికి ఉందో మైక్రోస్కోప్ కింద చూసి రాసుకోండి. కాకినాడ అఖాతంలో గుల్లలు ఏరే వాళ్లతో కూర్చోండి. చిప్ప మందం మారిందా, పిల్ల గుల్లలు తగ్గాయా, ఏ ఏడు నుంచి? వాళ్లు చెప్పింది తేదీ వేసి మీ నోట్‌బుక్‌లో రాయండి. ఆర్కషాన్‌లోనూ తేడాను ముందు చూసింది చిప్పలు పెంచే వాళ్లే.